ఒక సాక్ష్యాన్ని సరిదిద్దుకుంటున్నాము – అమ్మ కండ్ల ఆపరేషన్ గురించి



ఈ వారం వాక్య ధ్యానానికి ముందు మేము మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

2021లో ఒక ఆదివారం ఆరాధనలో మేము ఒక సాక్ష్యం చెప్పాము. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏండ్ల తరబడి అద్దాలు లేనిదే బైబిలు తెరవని మా అమ్మ ఆ నెలలో అద్దాలు పక్కన పెట్టి కీర్తనల గ్రంథం చదవడం మొదలుపెట్టింది. "అద్దాలు లేకుంటనే అక్షరాలు గనవడుతున్నయి బిడ్డా, సూడు" అని మమ్మల్ని పిలిచి చదివి వినిపించింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ మోకాళ్లూని దేవుణ్ణి స్తుతించాము. ఆదివారం అమ్మను మందిరంలో నిలబెట్టి ఒక కీర్తన చదివించాము. ముసలితనంలో దేవుడు చూపు తిరిగి ఇచ్చాడని మేము ప్రకటిస్తే సంఘమంతా హల్లెలూయ అంది.

ప్రియులారా, ఆ సాక్ష్యం నిజం కాదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, తెలియక చెప్పాము. కానీ తెలియక చెప్పిన ఆ మాట విని మన సంఘంలో ఒక పెద్దాయన తన కంటి ఆపరేషన్ ఆపుకున్నారు. ఆయన ఒక కన్ను పోయింది. అందుకే ఇది రాస్తున్నాము.

అసలు జరిగింది ఏమిటి

మన కంటి నల్లగుడ్డు వెనుక దేవుడు ఒక చిన్న లెన్సు పెట్టాడు. అది గింజంత ఉంటుంది, స్వచ్ఛమైన నీళ్లలాగా వెలుగును లోపలికి పోనిస్తుంది. వయసు మీద పడ్డకొద్దీ ఆ లెన్సు మసకబారుతుంది. మన దిక్కు దాన్ని పొర వచ్చింది అంటాము, డాక్టర్లు శుక్లం అంటారు, పాతకాలం వాళ్లు మోతిబిందు అంటారు. పొర అనగానే కంటి మీద ఏదో అంటుకుందని, గీకితే ఊడి వస్తుందని కొందరు అనుకుంటారు. అట్లా కాదు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే తెల్లబడినట్టు లోపలి లెన్సే మారిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చి గుడ్డు కానట్టే, ఏ చుక్కల మందు వేసినా ఆ లెన్సు మళ్లీ తేటపడదు. ఆకు పసరు పోస్తే తేటపడకపోగా కంటిలో పుండు పడి ఉన్న చూపూ పోతుంది.

కొందరికి ఈ లెన్సు నడిమధ్యలో గట్టిపడుతుంది. అట్లా గట్టిపడేటప్పుడు అది వెలుగును ఎక్కువగా వంచుతుంది. దానివల్ల కొన్నాళ్లపాటు దగ్గరి అక్షరాలు అద్దాలు లేకుండానే కనబడతాయి. దూరపు చూపు మాత్రం అదే సమయంలో మసకబారుతూ పోతుంది. డాక్టర్లు దీన్ని 'సెకండ్ సైట్' అంటారు, అంటే రెండో చూపు. అది నిలవదు. లెన్సు ఇంకా ముదిరాక ఆ దగ్గరి చూపు కూడా పోతుంది.

మా అమ్మకు జరిగింది అదే. మేము స్వస్థత అనుకున్నది జబ్బు ముదరడం. అక్షరాలు కనబడుతున్నాయని సంతోషించామే గాని, దూరం కనబడుతున్నదా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అడగకపోయినా దేవుడు చూపించాడు, మేమే చూడలేదు. మన మండలంలోనే చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ నిండిన తర్వాత ఒక సాయంత్రం అమ్మను కట్ట మీదికి తీసుకపోయాము. చిన్నప్పటి నుంచి బావులు ఎండిపోవడం చూసిన మనిషి, అన్ని నీళ్లు చూస్తే సంబరపడుతుందని అనుకున్నాము. అమ్మ కొంచెంసేపు నిలబడి, "నీళ్ల మీద పొగ లేసిందా బిడ్డా?" అని అడిగింది. ఆ రోజు పొగమంచు లేదు. ఎండ తళతళ మెరుస్తున్నది. "అవునమ్మా, సాయంత్రం కదా" అని మేము ఏదో ఒక మాట చెప్పి బండి తిప్పాము.

అంతకుముందే ఒకసారి మాకు చెప్పారు కూడా. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా తిరిగి మా దగ్గరికి వచ్చినప్పుడు, అమ్మకు రెండు కండ్లలో శుక్లం మొదలైందని, కొన్నాళ్లకు మళ్లీ చూపించుకోవాలని అన్నారు. చీటీ తెచ్చి బైబిలులో పెట్టుకున్నాము. అక్కడే ఉండిపోయింది.

ఆ పెద్దాయన సంగతి

ఆయన అనుమతితోనే రాస్తున్నాము, పేరు మాత్రం రాయము. ఆయనకు ఆపరేషన్ తేదీ ఖరారైంది. అమ్మ సాక్ష్యం విన్న తర్వాత, "దేవుడు ఆమెకు చేసినట్టు నాకూ చేస్తడు" అని ఆ తేదీకి పోలేదు. మాకు చెప్పారు కూడా. మేము ఆయన తల మీద చేయి ఉంచి ప్రార్థన చేశాము గాని, దవాఖానకు పొమ్మని చెప్పలేదు.

మరుసటి సంవత్సరం ఒక రాత్రి ఆయనకు ఒక కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. అజీర్తి అనుకున్నారు. రెండు రోజులు నొప్పి గోలీలతో గడిపారు. మూడో రోజు తీసుకపోతే డాక్టరు చెప్పింది ఇది: శుక్లం బాగా ముదిరిపోయింది, దానివల్ల కంటి లోపలి ఒత్తిడి పెరిగిపోయింది, ఆ ఒత్తిడికి కంటి నరం దెబ్బతిన్నది. శుక్లాన్ని తీయవచ్చు. చచ్చిన నరాన్ని మాత్రం ఎవరూ బతికించలేరు. ఆ కన్నుకు ఇప్పుడు చీకటి, వెలుగు తేడా తప్ప ఇంకేమీ తెలియదు. రెండో కన్నుకు వెంటనే ఆపరేషన్ చేయించుకున్నారు, దాంతోనే బతుకు నడుస్తున్నది.

మేము ఆయన ఇంటికి పోయి క్షమించమని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అయ్యగారూ, మీరు చెప్పిండ్రని ఆగిన. ఇగ మీరే చెప్పుండ్రి, ఎవ్వలు ఆగొద్దని."

అందుకే చెబుతున్నాము. శుక్లం బాగా ముదిరాకే తీయాలనేది పాతకాలపు మాట. ఆ రోజుల్లో ఆపరేషన్ పద్ధతి వేరు. ఇప్పుడు మీ పనికి చూపు అడ్డం వస్తున్నదని అనిపిస్తే చాలు, తీయించుకోవచ్చు. ముదిరేదాకా ఆగితే లెన్సు రాయిలాగా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. ఎండాకాలం చేయించుకోవద్దు, చలికాలమే మంచిది అనే మాటకు కూడా ఇప్పుడు ఆధారం లేదు.

ఇంకొక మాట. దవాఖానకు పోతే విశ్వాసం తక్కువైనట్టా? యోహాను సువార్త 9వ అధ్యాయంలో ప్రభువు పుట్టుగుడ్డివాని కండ్లకు బురద పూసి, పోయి కోనేటిలో కడుక్కోమని పంపాడు. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు ముద్ద వేయించినవాడు యెషయా ప్రవక్తే. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. చేతితో చేసే పనిని దేవుడు తక్కువ చూడలేదు. అదే 9వ అధ్యాయంలో శిష్యులు ఇది ఎవరి పాపమని అడిగితే ప్రభువు ఆ లెక్కనే కొట్టేశాడు. ఇస్సాకుకు, యాకోబుకు, ఏలీకి ముసలితనంలో చూపు మందగించిందని గ్రంథం చెబుతుంది. ముసలి కండ్లు మసకబారడం శాపం కాదు, నెరిసిన వెంట్రుకలాంటిది.

ఏ లెన్సు వేయించాలి

2023 జనవరిలో కంటి వెలుగు రెండో విడత మొదలైంది. ఈసారి మేము అమ్మను ముందుగానే తీసుకపోయాము. రెండు కండ్లకూ ఆపరేషన్ కావాలన్నారు. అక్కడి నుంచి అమ్మకు మంచి వైద్యం చేయించాలని ఒక ప్రైవేటు దవాఖానకు పోయాము.

మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, తెల్లవారుజాము నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చునేది. మా సెమినరీ ఫీజు ఆ వేళ్ల నుంచే వచ్చింది. ఆ సంగతి దవాఖానలో డబ్బుల గురించి మాట్లాడే కౌంటరు ముందు కూర్చున్నప్పుడు మా గుండెలో బరువుగా ఉంది.

అక్కడి అమ్మాయి ఒక కాగితం ముందు పెట్టింది. పై నుంచి కింది దాకా లెన్సుల పేర్లు, ఎదురుగా ధరలు. కింది వరుసకూ పై వరుసకూ ఉన్న తేడా రెండు కండ్లకు కలిపితే, అప్పట్లో నెలకు 2,016 రూపాయల చొప్పున అమ్మకు వచ్చే ఆసరా పింఛను రెండేండ్లకు పైబడి కూడబెట్టినంత. "అమ్మకే కదా సార్, మంచిది వేయించండి, ఇక జన్మలో అద్దాలు అక్కర్లేదు" అంది. ఆ మాట మా మీద బాగా పనిచేసింది. అమ్మకు తక్కువ రకం వేయిస్తే నలుగురు ఏమంటారు? పాస్టరయ్య తల్లి కన్నుకు పైసలు లెక్క చూసుకున్నాడు అనరా? మిత్తికి తెద్దామని ఇద్దరం నిశ్చయించుకున్నాము. ఇది ప్రేమ అనుకున్నాము. ఇప్పుడు చూసుకుంటే అందులో సగం గర్వం.

లోపల డాక్టరుగారు లెన్సు పేరు ఎత్తలేదు. అమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, పొద్దున లేస్తే మీరు ఏం పని చేస్తారు? మీకు ముఖ్యంగా ఏం కనబడాలి?" అని అడిగారు.

మేము నోరు తెరవబోయాము. ఆయన చేయి ఎత్తి ఆపి అమ్మనే చెప్పమన్నారు.

అమ్మ కొంచెం ఆలోచించి అంది: "బీడీలు ఇడిసిపెట్టిన సారు. ఇప్పుడు నాకు మొఖాలు గనవడాలె. గుమ్మంల ఎవరో నిలబడితే, వాళ్లు పిల్వక ముందే నాకు తెల్వాలె. మందిరంల ఎన్క కూసున్నోళ్లు ఎవరో నాకు ఎరుక కావాలె. బైబిలు సదువుటానికి అద్దాలు పెట్టుకుంట, గది నాకు అలవాటే."

మార్కు సువార్త 10వ అధ్యాయంలో యెరికో దారి పక్కన బర్తిమయి కేకలు వేస్తే, ప్రభువు నిలబడి, నీకు ఏమి కావాలని అతణ్ణి అడిగాడు. గుడ్డివానికి ఏం కావాలో ఆయనకు తెలియదా? తెలుసు. అయినా అడిగాడు. ఆ వాక్యం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. కానీ మా తల్లిని మాత్రం, నీకు ఏం కనబడాలమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఒక డాక్టరు అడిగారు.

తర్వాత ఆయన మాకు ఓపికగా చెప్పిన సంగతులు మీకు ఉపయోగపడతాయని రాస్తున్నాము.

మసకబారిన లెన్సును తీసేశాక, ఆ చోట మనిషి చేసిన లెన్సు పెడతారు. పూర్వం అది లేనప్పుడు ఆపరేషన్ అయినవాళ్లు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తిరిగేవాళ్లు, మన తాతలను చూశాము. ఇప్పుడు లోపల పెట్టిన లెన్సు జీవితాంతం ఉంటుంది, మార్చే పని లేదు. ఆపరేషన్‌కు ముందు మిషను మీద కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, ఏ పవరు లెన్సు కావాలో లెక్కగడతారు. ఆ కొలత చాలా ముఖ్యం. చూపు ఎంత బాగా వస్తుందనేది ఆ కొలత మీద, ఆపరేషన్ మీద, మన కంటి వెనుక భాగం ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. లెన్సు ధర ఒక్కదాని మీద కాదు.

మొదటి రకం మోనోఫోకల్. ఇది ఒక దూరానికే పదునుగా చూపిస్తుంది. ఎక్కువమందికి దూరపు చూపుకు అమర్చుతారు, చదవడానికి దగ్గరి అద్దాలు పెట్టుకోవాలి. రోజంతా కుట్టుమిషను మీదనో మగ్గం మీదనో కూర్చునేవాళ్లు కోరితే దగ్గరి చూపుకు కూడా అమర్చవచ్చు, అప్పుడు దూరానికి అద్దాలు కావాలి. కాబట్టి సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే పెద్దాయన తన పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది చౌకరకం లెన్సు అని సిగ్గుపడే పని లేదు. దేశంలో ఎక్కువమందికి వేసేది ఇదే.

రెండవది మల్టీఫోకల్. వెలుగును పంచి దూరాన్ని, దగ్గరను రెండింటినీ చూపిస్తుంది. అద్దాల అవసరం చాలా తగ్గుతుంది. కానీ ఊరికే రాదు. రాత్రిపూట దీపాల చుట్టూ, ఎదురొచ్చే బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కనబడవచ్చు. మసక వెలుతురులో చూపు పదును కొంచెం తగ్గుతుంది. రాత్రి డ్రైవింగు చేసేవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, కంటి నరం జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా వద్దంటారు.

మూడవది ఎడాఫ్ అనే రకం. దూరం, చేతికందే దూరం బాగా కనబడతాయి. సన్న అక్షరాలకు అద్దాలు కావలసి రావచ్చు.

టోరిక్ అనేది ఇంకొక సంగతి. నల్లగుడ్డు వంపు సమానంగా లేక, అద్దాల చీటీలో సిలిండర్ పవరు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ లోపాన్ని కూడా సరిచేసే లెన్సు అది. సిలిండర్ లేనివాళ్లకు దానితో పని లేదు.

అమ్మకు షుగరు ఉంది. రెటీనా చూసి అక్కడక్కడ షుగరు గుర్తులు ఉన్నాయన్నారు. కాబట్టి మేము మిత్తికి తెచ్చి వేయిద్దామనుకున్న ఆ ఖరీదైన లెన్సు అమ్మకు తగినది కానే కాదు. మేము అడగకపోతే, ఆయన అమ్మను అడగకపోతే, అప్పు చేసి మరీ తగనిది వేయించేవాళ్లం.

ఆపరేషన్ పద్ధతి గురించి కూడా ఒక మాట. ఫేకో అనేది శబ్దతరంగాలతో లెన్సును ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి. కోత రెండు మూడు మిల్లీమీటర్లు, మడతపెట్టిన లెన్సు లోపలికి పోయి విచ్చుకుంటుంది. మన దగ్గర దీన్నే లేజర్ ఆపరేషన్ అంటుంటారు, అది లేజర్ కాదు. రెండోది ఎస్.ఐ.సి.ఎస్. కొంచెం పెద్ద కోత, దానికీ సాధారణంగా కుట్లు ఉండవు. బాగా ముదిరిన శుక్లానికి చాలామంది డాక్టర్లు దీన్నే ఎంచుకుంటారు. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా చేసేది ఇదే. ఉచితం కాబట్టి నాసిరకం అనుకోవద్దు, అనుభవం ఉన్న చేతిలో రెండూ మంచి చూపునే ఇస్తాయి.

ఆపరేషన్ రోజు, ఆ తర్వాత

అమ్మకు ముందు ఒక కన్ను, కొన్ని వారాల తర్వాత రెండోది చేశారు. షుగరు, బీపీ చూశారు. అమ్మ వేసుకునే మందులన్నీ చూపించమన్నారు. ఇది మీరూ మరువకండి. రక్తం పలుచబడే మందులు వేసుకునేవాళ్లు, మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేటు గోలీలు వేసుకునే మగవాళ్లు తప్పకుండా ముందే చెప్పాలి. ఆ గోలీల్లో కొన్ని కంటిపాపను మెత్తబరుస్తాయి, డాక్టరుకు తెలిస్తే జాగ్రత్త పడతారు. మీ అంతట మీరు ఏ మందూ మానవద్దు.

చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేశారు. కంటి పక్కన మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి చుక్కల మత్తే చాలు. మనిషి మెలకువగానే ఉంటారు. లోపల ఉన్నది ఇరవై నిమిషాలు కూడా కాదేమో, బయట మాకు ఒక పూట గడిచినట్టు అనిపించింది. వచ్చాక అమ్మను అడిగితే, "రంగురంగుల వెలుగులు గనవడ్డయి. నీళ్లు పోస్తున్నట్టు అనిపించింది. నొప్పి లేదు గని భయమైంది. కదలొద్దు, మాట్లాడొద్దు అన్నరు. మనసుల పాట పాడుకుంట పన్న" అంది.

మరునాడు పట్టీ విప్పారు. మేము ఏదో అద్భుతం చూస్తామని ముందుకు వంగాము. అమ్మ కన్ను తెరిచి, అటు ఇటు చూసి, "ఇంతేనా బిడ్డా? మబ్బుగనే ఉంది" అంది. పాస్టరమ్మ కండ్లలో నీళ్లు తిరిగాయి. మా మనసు పెద్దాయన కన్ను దగ్గరికి పోయింది.

నర్సు నవ్వి, కన్ను కొంచెం వాచింది, పాప ఇంకా పెద్దగా ఉంది, రెండు మూడు రోజులు చూడండి అంది. అప్పుడు మాకు మార్కు 8వ అధ్యాయం గుర్తొచ్చింది. బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివానిపై చేతులుంచి ఏమైనా కనబడుతున్నదా అని అడిగితే, అతడు మనుషులు చెట్లలాగా కనబడుతున్నారని ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు రెండోసారి చేయి ఉంచాడు, అప్పుడు తేటగా చూశాడు. ఆ మనిషి మొహమాటానికి, బాగా కనబడుతున్నది ప్రభువా అని చెప్పి ఉంటే? సగం చూపును పూర్తి స్వస్థత అని సాక్ష్యం చెప్పిన మాకు ఆ వాక్యం గట్టిగా తగిలింది. సగం కనబడితే సగమే అని చెప్పడం అవిశ్వాసం కాదు. ప్రభువు అడిగింది నిజమైన జవాబునే.

మూడో రోజు పొద్దున అమ్మ వాకిట్లో నిలబడి ఆరేసిన తన చీరను చూసి, "ఇది తెల్ల చీరనా? నేను ఇన్నొద్దులు గంధం రంగనుకున్న" అంది. ఒక కన్ను మూసి, ఇంకొకటి తెరిచి చూసుకుంది. ఆపరేషన్ కాని కన్నులో లోకమంతా చాయ్ నీళ్లలో ముంచినట్టు ఉందట. తర్వాత లోపలికి పోయి మూలన బూజు చూపించి కోడలిని అడిగింది, అద్దంలో చూసుకుని, "నా మొఖం గింత ముడతలు వడ్డదా" అంది. అందరం నవ్వుకున్నాము.

ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలే అసలు పని. నెల పైబడి చుక్కల మందులు వేళకు వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, సీసా మూతి కంటికి తగలకుండా వేయాలి. కన్ను నలపవద్దు. డాక్టరు చెప్పేదాకా తలస్నానం వద్దు, కంట్లో నీళ్లు పడవద్దు. పొయ్యి పొగకు, పొలంలో దుమ్ముకు దూరంగా ఉండాలి. బిందెలు, బస్తాలు ఎత్తవద్దు. రాత్రి కంటికి మూత కట్టుకుని పడుకోవాలి. దగ్గరి అద్దాలు తొందరపడి కొనవద్దు, కన్ను కుదుటపడ్డాక, సుమారు నెల రోజులకు, పరీక్ష చేసి రాస్తారు.

కొంచెం గరగర, నీళ్లు కారడం, వెలుగు చూస్తే ఇబ్బంది మామూలే. కానీ నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, వచ్చిన చూపు తగ్గినా, మెరుపులు కనబడినా, నల్లటి తెర జారినట్టు అనిపించినా ఆ రోజే దవాఖానకు పోవాలి. తెల్లవారనీ అని ఆగవద్దు. ఇన్ఫెక్షన్ అరుదు, వస్తే మాత్రం గంటలు లెక్క.

కొన్ని నెలలకో ఏండ్లకో మళ్లీ మసకగా అనిపిస్తే శుక్లం తిరిగి వచ్చిందని భయపడవద్దు. తీసేసిన లెన్సు మళ్లీ పుట్టదు. కొత్త లెన్సు వెనుక ఉన్న సన్నని సంచి మసకబారుతుంది, దాన్ని యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. అక్కడ నిజంగానే లేజర్.

ఇంకొకటి ముందే తెలుసుకోవాలి. ఆపరేషన్ తీసేది శుక్లాన్ని మాత్రమే. కంటి నరం, రెటీనా దెబ్బతిని ఉంటే ఎంత మంచి లెన్సు వేసినా అంత చూపు రాదు. "మాకు ఎంత చూపు వస్తుందని మీరు అనుకుంటున్నారు?" అని ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడగండి. జవాబు నచ్చకపోయినా వినండి.

ఈ చిన్న అద్దం వెనుక

అమ్మ కంట్లో ఉన్న ఆ లెన్సు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దేవుని కృప ఎన్ని దారుల్లో నడుస్తుందో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కండ్లలో గుచ్చుకున్నాయి. ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాటిని తిప్పికొట్టడం లేదని గమనించాడు. అదే పదార్థంతో లెన్సు చేయించి, 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ దవాఖానలో మొదటిసారి ఒక మనిషి కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు చాలామంది ఆయనను ఎన్నో ఏండ్లు తప్పుపట్టారు.

తమిళనాడులోని మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కత్తి పట్టడం నేర్చుకుని, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో అరవింద్ కంటి దవాఖాన మొదలుపెట్టారు. 1992లో వాళ్లే ఆరోల్యాబ్ పెట్టి, అప్పటిదాకా విదేశాల నుంచి ఖరీదుగా వచ్చే లెన్సులను ఇక్కడే తక్కువ ధరకు చేశారు. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహదీపట్నంలోని సర్కారు సరోజినీదేవి కంటి దవాఖాన ఎందరో పేదలకు చూపు ఇస్తున్నాయి. వంకరపోయిన ఆ డాక్టరు వేళ్ల గురించి చదివినప్పుడు, బీడీ దారం చుట్టి చుట్టి గట్టిపడ్డ మా అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

మన సంఘానికి ఒక మనవి

ఇప్పటి నుంచి ఆరాధన అయ్యాక మేము మీ ఇంటి పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాము: ఆ గోడ మీద ఉన్న గడియారంలో టైమెంత? తప్పు చెబితే సిగ్గుపడవద్దు. మీ పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటే, మీ వెంట దవాఖానకు మేము వస్తాము. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు తెచ్చుకోండి చాలు. పైసలు లేవని ఆగవద్దు, సర్కారు దవాఖానల్లో, శిబిరాల్లో ఉచితంగా చేస్తారు. దూరాన ఉన్న బిడ్డలారా, ఫోనులో అమ్మకు ఏ లెన్సు వేయించాలని మమ్మల్ని అడగకండి. అమ్మా, నీకు ఏం కనబడాలని ఆమెను అడగండి.

చూపు కోసం మేము ఇకముందు కూడా ప్రార్థన చేస్తాము, చేయి ఉంచే చేస్తాము. ఆ తర్వాత దవాఖాన చీటీ ఎక్కడుందని కూడా అడుగుతాము. స్వస్థత సాక్ష్యం ఎవరు చెప్పినా, మేము చెప్పినా సరే, ముందు డాక్టరుకు చూపించి ఆ తర్వాతే చెప్పుకుందాము. కుష్ఠు నయమైన వానిని ప్రభువే పోయి యాజకునికి చూపించుకోమన్నాడు గదా.

పోయిన నెల అమ్మను మళ్లీ రంగనాయక సాగర్ కట్ట మీదికి తీసుకపోయాము. ఆ మూల నుంచి ఈ మూల దాకా చాలాసేపు చూసింది. "అవతలి ఒడ్డు మీద మేకలు మేస్తున్నయి" అంది. మాకు కనబడలేదు. కండ్లు చిట్లించి చూస్తే, ఉన్నాయి.

ప్రార్థన: ప్రభువా, మేము తెలియక పలికిన మాటను క్షమించుము. ఆ మాట వలన నష్టపోయిన నీ దాసునికి మిగిలిన ఆ ఒక్క కన్నును కాపాడుము. మా ముసలి తల్లిదండ్రులు ఏమి చూడగోరుతున్నారో అడిగే మనసు మాకు దయచేయుము. కత్తి పట్టే చేతులను, చుక్కలు వేసే చేతులను దీవించుము. సగమే కనబడినప్పుడు సగమని చెప్పే ధైర్యము మాకు ఇమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.